మహారాజశ్రీ బుల్లెట్ గారికి నమస్కరించి రాయునది

మా నాన్నగారి బుల్లెట్ గారికి,

ఇక్కడ ఎడమ మోకాలు తప్ప నేను క్షేమం. షెడ్డులో తమరి క్షేమం అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఒంటిమీది నగలన్నీ ఒక్కొక్కటే ఒలిచింది నేనే కదా.

తప్పంతా నాదే అనకండి. మీ వంశచరిత్ర చదవడం వల్ల వచ్చిన తిప్పలివి. 1948లో ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో విక్ బ్రిటన్ అనే ఆయన మీ పెద్దల మీదెక్కి బంగారు పతకం కొట్టాడు. ఆయన కొడుకు జానీ ఎన్‌ఫీల్డ్ మీదే 1952లోనూ 1957లోనూ స్కాట్లాండ్ ఆరు రోజుల ట్రయల్ గెలిచాడు. తండ్రి తోలాడు, కొడుకూ తోలాడు. మన ఇంట్లోనూ అంతేగా, మనమూ ట్రయల్‌కి దిగుదాం అనుకున్నాను. మా నాన్న మిమ్మల్ని బ్యాంకుకీ, రైతుబజారుకీ తప్ప ఎటూ తోలలేదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ట్రయల్ అంటే బళ్ల పోటీయే గానీ వేగంతో పనిలేదు. రాళ్లూ బురదా ఉన్న కాస్త మేర కాలు కింద ఆనకుండా దాటాలి. ఆనితే ఒక మార్కు జరిమానా, పడితే ఐదు. బండి తేలిగ్గా ఉండాలి. ఇప్పటి ట్రయల్స్ బళ్లు 70 కిలోలకు అటూ ఇటూ. తమరు 160 పైమాటే. అందుకని లెగ్ గార్డు తీశాను, లైట్లు తీశాను, సారీ గార్డు తీశాను. సైడు బాక్సు విప్పితే నూనెగుడ్డలో చుట్టిన స్పార్క్ ప్లగ్గు, నాన్న చేతిరాతతో ఒక చీటీ: ‘గ్యాప్ చూసి పెట్టాను’. ఆ పూట ఇంకేమీ విప్పలేదు.

మర్నాడు మళ్లీ మొదలెట్టాను. ముందరి 19 అంగుళాల చక్రం తీసి 21 పెట్టాం. సైలెన్సర్ పైకెత్తాం, నా పిక్క కాలింది. గేర్‌బాక్సు దగ్గర చైను తిప్పే పళ్లచక్రం, అదే స్ప్రాకెట్‌లో రెండు పళ్లు తగ్గించాం. వెనకదీ మారుద్దామంటే అది బ్రేకు డ్రమ్ముతో కలిపి పోసిన ఒకటే ముక్కట. మెకానిక్ భాయ్ నా పర్సు వంక జాలిగా చూశాడు.

లైట్లు లేని బండిని రోడ్డెక్కిస్తే పోలీసులు ఊరుకోరు గనక గుట్టదాకా ట్రాలీ ఆటోలో తీసుకెళ్లాను. మీరే ఒక బండి, మిమ్మల్ని మోయడానికి ఇంకో బండి.

ఇంజను మాత్రం వంక పెట్టడానికి లేదు. సిలిండరు బోరు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, లోపల ఫ్లైవీలు అనే తిరగలిరాయంత బరువుచక్రం. యాక్సిలరేటర్ అంటీ అంటనట్టు పట్టుకుంటే చాలు, డుగ్గు... డుగ్గు... అంటూ, పెళ్లిలో పెద్దాయన మెట్లెక్కినట్టు రాతిబండ ఎక్కేశారు. దిగడమే కొంప ముంచింది. రోజూ నేను తోలే బండికి కుడికాలి కింద బ్రేకు. తమరికి అక్కడ గేరు. బ్రేకనుకుని నొక్కాను, తమరు న్యూట్రల్‌లో పడ్డారు. ఇంజను పట్టు వదిలేసరికి ఇద్దరం సర్కారు తుమ్మలో తేలాం. చిన్నప్పుడు లెక్కల్లో ఎన్నడూ రాని ఐదుకి ఐదు మొదటి రాయి దగ్గరే వచ్చాయి.

మేకలు కాసే తాత వచ్చి ముందు మిమ్మల్ని లేపాడు, తర్వాత నన్ను. ‘మీ నాయన దీన్ని తోసుకుంటూ వచ్చినా బాటమీదే వచ్చేవాడయ్యా’ అన్నాడు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నిన్న అమ్మ షెడ్డులోకొచ్చి, తను ఇరవై ఏళ్లు కాళ్లు పెట్టుకు కూచున్న సారీ గార్డు ఏదిరా అంది. పాత ఇనుము కొట్టువాడికి తూకానికి వేసిన సంగతి ఇంకా చెప్పలేదు. తమరూ నోరు మెదపకండి. ఈమధ్య పది కిక్కులు కొట్టినా మెదపడం లేదు గనక ఆ ధైర్యం ఉందనుకోండి.

ఇట్లు,
తమరి రెండో యజమాని