సవరణ: పల్చటి పెంకు గుడ్ల గురించి పోయిన వారం రాసింది

పెరటి కోళ్ల గుడ్లకి పెంకు పల్చగా వస్తుంటే షెల్ గ్రిట్ (కాల్షియం ఉండే ఆల్చిప్పల పలుకులు) దాణాలో కలిపి చిన్నాపెద్దా అన్నిటికీ వేసేయండి అని రాశాను కదా, అది తప్పు. పశువుల డాక్టరు గారొకరు చెప్పారు, తర్వాత కోళ్ల మేత పుస్తకంలో కూడా చూసుకున్నా. గుడ్లు పెట్టే కోడి దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా కావాలి గానీ కోడిపిల్లలకి 1 శాతం చాలు, ఎక్కువైతే కిడ్నీలు పాడవుతాయి. అందుకే గ్రిట్‌ని పిల్లలకి అందని ఎత్తులో విడిగా చిప్పలో పెట్టండి, పెట్టలు కావాల్సినంత అవే పొడుచుకుంటాయి, సాయంత్రం మాత్రం తప్పకుండా ఉండాలి ఎందుకంటే పెంకు ఎక్కువగా కట్టేది రాత్రే. పొడి కంటే పలుకులే మేలు, కందనకాయలో నిలిచి మెల్లగా కరుగుతాయి.

ఇంకోటి, ఎండాకాలంలో ప్రతిదీ కాల్షియం లోపమే అనుకోకండి. మా గ్రామప్రియ రకం పెట్ట మధ్యాహ్నమంతా నోరు తెరిచి రొప్పేది, దాని గుడ్డు బొటనవేలితో నొక్కితే సొట్టపడేది. అలా రొప్పితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి పెంకుకి కావాల్సిన కార్బొనేట్ సరిపోదట, దానికి నీడా చల్లటి నీళ్లూ కావాలి. నా మాట విని పిల్లల దాణాలో కలిపినవాళ్లు ఇవాళే ఆపేయండి.