ద్రవాలకు క్రమశిక్షణ కావాలి

మిక్సింగ్ ట్యాంకుల్లో ద్రవాల ప్రవర్తన ఏమీ బాగాలేదు. ఇక దాచి లాభం లేదు. వాటికి మనం ఏం తక్కువ చేశాం? ద్రవం ఊరికే గుండ్రంగా తిరగకుండా గోడ వెంట నాలుగు బాఫిల్స్ (అడ్డుపలకలు) నిలబెట్టాం, ఒక్కొక్కటీ ట్యాంకు వ్యాసంలో పదో వంతు వెడల్పు. నడిమధ్య షాఫ్ట్ అనే ఇరుసుకు బిగించి, ద్రవాన్ని కలిపే ఇంపెల్లర్‌ను, ఆరు రెక్కల రష్టన్ టర్బైన్ రకాన్ని, దింపాం. దారి తెలియక ఇబ్బంది పడతాయేమోనని పాఠ్యపుస్తకంలో బాణాలతో బొమ్మ కూడా వేసిపెట్టాం: ఇంపెల్లర్ పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు, ఎడమా కుడీ అచ్చుగుద్దినట్టు ఒకేలా.

ద్రవం ఆ బొమ్మ వంక చూస్తే ఒట్టు. షాఫ్ట్ చుట్టూ ఓ సుడిని లేపి, దానిచేత తీరిగ్గా ప్రదక్షిణలు చేయిస్తోంది. ఇంపెల్లర్ సెకనుకు 5 సార్లు తిరుగుతుంటే ఈ సుడిగారి వేగం అందులో 2 శాతం లోపే. ఒక్క ప్రదక్షిణకు పది సెకన్ల పైమాటే. ఈలోగా పక్కనే ఓ 300 రెక్కలు దాటిపోయి ఉంటాయి, అయినా నిమ్మకు నీరెత్తినట్టే ఉంటుంది. మోటారు వేగం పెంచి చూడండి, అదే నిష్పత్తిలో తనూ పెంచుకుంటుంది. జీతాల పెంపులో కూడా ఇంత నిక్కచ్చి లెక్క ఉండదు. దీన్ని ఇంజనీర్లు మాక్రో ఇన్‌స్టెబిలిటీ, అంటే పెద్ద ఎత్తున సాగే అస్థిరత, అని గౌరవంగా పిలుస్తారు. ఇంపెల్లర్ మార్చినా వదలదు. ట్యాంకు వ్యాసంలో సగం ఉన్న, రెక్కలు 45 డిగ్రీలు వాలిన పిచ్డ్ బ్లేడ్ టర్బైన్ పెట్టి చూస్తే, ఇంపెల్లర్ వేగంలో 0.186 వంతుతో ఊగే ఇంకో ఊగిసలాట తేలింది.

అదృష్టవశాత్తూ మన దగ్గర విరుగుడు ఉంది. దాని పేరు సగటు. లేజర్ పెట్టి ద్రవం వేగాన్ని రెండు సెకన్లు కొలవండి, బుద్ధిగానే కనిపిస్తుంది. ఎక్కువసేపు కొలిచే చాదస్తులకు ఆ నెమ్మది ఊగిసలాట దొరికిపోతుంది. దొరికినా పర్లేదు, దాన్ని తెచ్చి టర్బులెన్స్ (ద్రవంలోని చిందరవందర కదలిక) ఖాతాలో కలిపేస్తే సరి. రిపోర్టులో టర్బులెన్స్ దండిగా కనిపిస్తుంది.

కంప్యూటర్‌లో అయితే ఇంకా సుఖం. కాలంతో పాటు ప్రవాహం మారదనుకుని లెక్కేసే స్టెడీ స్టేట్ సిమ్యులేషన్‌లో సగం ట్యాంకే తీసుకుని, రెండో సగం అచ్చం ఇలాగే ఉంటుందని రాసేస్తాం. ప్రదక్షిణ చేయాలంటే సుడికి ఆ రెండో సగం కావాలి కదా! అది లేకుండా చేశాక ఇంకెక్కడికి పోతుంది? పెద్ద సుడుల కదలికను క్షణక్షణం లెక్కగట్టే లార్జ్ ఎడ్డీ సిమ్యులేషన్ అని ఒకటుంది గానీ, దానికి మొత్తం ట్యాంకు కావాలి, ఇంపెల్లర్ వందల చుట్లు తిరిగేదాకా ఆగాలి. పైగా ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. అలాంటివాటిని మీటింగులకు పిలవకపోవడమే మంచిది.

ద్రవం తరఫున వాదించేవాళ్లూ లేకపోలేదు. ఆ ఊగిసలాటే పై చుట్టులో సరుకును కింది చుట్టులోకి చేరవేసి మిక్సింగ్‌కు సాయం చేస్తోందట. ఒకే చోట, ఒకే వేగంలో రంగు చుక్క వేసినా ఓసారి త్వరగా, ఓసారి ఆలస్యంగా కలవడానికి కారణం అదేనట. మేం మాత్రం ఆ తేడాను ఇన్నాళ్లూ ఆపరేటర్ నిర్లక్ష్యం కిందే రాస్తున్నాం, ఇకపైనా అలాగే రాస్తాం.

ఇక ఆ సుడి షాఫ్ట్‌నీ, బాఫిల్స్‌నీ, కూలింగ్ కాయిల్స్‌నీ పక్క నుంచి మెల్లగా తోస్తూ ఉంటుందనీ, లోహం అలిసిపోయి ఎప్పుడో పగులుతుందనీ కొందరి టెన్షన్. ఆ పగులు ఎలాగూ వెల్డింగ్ అతుకు దగ్గరే వస్తుంది. చీవాట్లు తినడానికి వెల్డర్ ఉండనే ఉన్నాడు.