శ్లాబు పడకుండా మేస్త్రీకి డబ్బివ్వం కదా!

మా కోనసీమలో ఎవరు ఇల్లు కట్టుకున్నా మేస్త్రీతో ముందే మాట్లాడుకుంటారు. పునాది లేచాక ఇంత, శ్లాబు పడ్డాక ఇంత, ప్లాస్టింగ్ అయ్యాక మిగతాది. పని జరగకుండా పైసా కదలదు. బడి మొహం చూడని మా తాతయ్యకి కూడా తెలిసిన లెక్క ఇది. దుబాయ్‌లో ఫ్లాట్ కొనేటప్పుడు మాత్రం మా ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు.

మా తమ్ముడు పద్నాలుగేళ్లుగా అక్కడ ఇంజినీరు. 2021లో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ బుక్ చేశాడు. అప్పటికి అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. 2023 డిసెంబరుకి తాళాలిస్తామని అగ్రిమెంటులో రాశారు. అంబాజీపేట దగ్గర తోటలో అరెకరం అమ్మి నాన్నగారు కొంత సర్దారు. చాలనిది నేను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. 'ఇదేమీ కోటిపల్లి రైలు కాదండీ, చెప్పిన రోజుకి ఇచ్చేస్తారు' అన్నాడు ఏజెంటు. కోటిపల్లి-నరసాపురం లైనుకి 2000లో శంకుస్థాపన జరిగింది. రైలు కోసం ఇంకా చూస్తూనే ఉన్నాం. అలాంటి ఊరివాళ్లకి చెప్పిన రోజుకి ఇస్తామనే మాట ఎంత తియ్యగా ఉంటుందో ఆలోచించండి.

గడువు దాటి ఏడాదిన్నర పైనే అయింది. తాళాలు రాలేదు.

మా వాయిదాలకీ, లేస్తున్న బిల్డింగుకీ సంబంధమే లేదు. అన్నీ క్యాలెండరుకి ముడిపెట్టారు. పని ఆగినా తారీఖు రాగానే కట్టాలి. అలా ధరలో 60 శాతం కట్టేశాం, మిగతా 40 తాళాలప్పుడు. కొన్నప్పుడు దిర్హమ్ 20 రూపాయల దగ్గర ఉండేది, తర్వాత 23 దాటింది. ఇక్కడ రూపాయల్లో పోగేసి పంపేవాళ్లకి ఆ తేడా ఎంతో చెప్పక్కర్లేదు.

తమ్ముడు శుక్రవారం శుక్రవారం సైటుకెళ్లి ఫొటో పంపేవాడు. నాన్నగారు అరుగు మీద కూర్చుని, వేళ్లతో ఫొటో పెద్దది చేసి, అంతస్తులు కింది నుంచి లెక్కపెట్టేవారు. చెట్టు మొదట్లో నిలబడి కొబ్బరి గెలలు లెక్కపెట్టిన మనిషి. 'అబ్బాయ్, పోయిన నెలా ఏడే, ఈ నెలా ఏడేరా' అనేవారు. ఏడో అంతస్తు మీద పైకి లేచి ఉన్న ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఎర్రబడటం ఆ ఫొటోల్లోనే చూశాం. పక్కనే నీలం రంగు నీళ్ల ట్యాంకు, అదే చోట, అయిదు నెలలు. కంపెనీవాళ్ల ఈమెయిల్లో మాత్రం 'పనులు వేగంగా జరుగుతున్నాయి'.

ఒక వాయిదా ఆపుదామనుకుని అక్కడి లాయర్ని అడిగాం. 2008 నాటి 13వ నంబరు చట్టం, దాని సవరణలు చూపించాడు. కొన్నవాడు కట్టకపోతే ల్యాండ్ డిపార్ట్‌మెంట్ (ఆస్తుల రిజిస్ట్రేషన్ చూసే అక్కడి ప్రభుత్వ శాఖ) ద్వారా 30 రోజుల నోటీసు. అప్పటికీ కట్టకపోతే అగ్రిమెంటు రద్దు చేసి, పని 60 శాతం లోపే ఉంటే ధరలో 25 శాతం దాకా, అది దాటితే 40 శాతం దాకా బిల్డరు ఉంచేసుకోవచ్చు. మరి బిల్డరు ఆలస్యం చేస్తే? మా అగ్రిమెంటులో అతనికి పన్నెండు నెలల అదనపు గడువు రాసి ఉంది. అది మేం సంతకం పెట్టిన కాగితమే. అది కూడా దాటాక మిగిలిన దారి ఫిర్యాదు, కోర్టు. మా తప్పుకి రేటు రాసి ఉంది, అతని తప్పుకి మేం తిరగాలి. నాకు మండుతున్నది ఇక్కడే. మన దేశంలో బిల్డర్ల దగ్గర ఇళ్లు కొనేవాళ్ల కోసం తెచ్చిన 2016 రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం, ఆలస్యమైన ప్రతి నెలకీ బిల్డరు వడ్డీ ఇవ్వాలి, వద్దనుకుంటే వడ్డీతో సహా డబ్బు వెనక్కివ్వాలి. ఆ చట్టం దుబాయ్ బిల్డింగుకి వర్తించదు.

అద్దె సంగతి ఎవరూ చెప్పరు. తాళాలు ఎప్పుడూ 'ఇంకో మూడు నెలల్లో'. అద్దె అగ్రిమెంటు మాత్రం ఏడాదికి, ముందే చెక్కులు రాసివ్వాలి. మూడు నెలల మాట నమ్మి ఖాళీ చేస్తే పిల్లల్ని ఎక్కడ పెట్టాలి? అందుకని మళ్లీ ఏడాది అద్దె. ఇక్కడ నా వడ్డీ, అక్కడ వాడి అద్దె. మా మరదలికి ఆ టెన్షన్‌తో నిద్ర కూడా పట్టడం లేదు.

ఒకటి ఒప్పుకోవాలి. 2007 నుంచి అక్కడ ఎస్క్రో చట్టం ఉంది. మనం కట్టే డబ్బు ఆ ప్రాజెక్టు ఖాతాలోకే వెళ్లాలి. మాది వెళ్లింది, రసీదులున్నాయి, ఫ్లాటు తమ్ముడి పేరున రిజిస్టరులోనూ ఉంది. ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వాళ్ల దుబాయ్ రెస్ట్ యాప్‌లో ఎంత శాతం పని అయిందో కనిపిస్తుంది. కానీ ఖాతాలో డబ్బు భద్రంగా ఉన్నంత మాత్రాన గోడ లేవదు.

రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపు గల్ఫ్ డబ్బుతో బతికే ఇళ్లెన్నో. ఇప్పుడు కొనబోతున్నవాళ్లు దయచేసి అడగండి. ప్రతి వాయిదా పక్కన తారీఖు కాకుండా పని శాతం రాయమనండి. అదనపు గడువు ఎన్ని నెలలో, అది దాటితే నెలకి ఎంత ఇస్తారో అంకె వేయమనండి. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. తోట అమ్మొద్దు.

మా బిల్డింగులో కొన్న పదకొండు కుటుంబాలు కలిశాం. ఈ నెలలోనే ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌లో అందరం ఒకేసారి ఫిర్యాదు వేస్తున్నాం. ఇలా ఇరుక్కున్నవాళ్లు ఎవరున్నా అగ్రిమెంటులో గడువు రాసిన పేజీ, కట్టిన రసీదులు తీసి పెట్టుకుని నాకు మెసేజ్ చేయండి. మా తమ్ముడు మీతో మాట్లాడతాడు.