కాంచుకూ కాంచనానికీ చుట్టరికం లేదు

వరంగల్‌లో నేనున్న వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతున్నది. 'కాంచు' అనే పాత మాట సంస్కృత 'కాంచనం' నుంచి వచ్చిందట, బంగారాన్ని చూసినట్టు ఆశగా చూడడమే దాని అసలు అర్థమట. 'కను' అంటే పిల్లల్ని కనడమేనట, చూడడం అనే అర్థం కవులు తర్వాత అంటగట్టారట. పైగా తెలంగాణ పల్లెల్లో ఈ మాటల జాడే లేదట. టీచర్లు కూడా ఫార్వర్డ్ చేస్తున్నారు, అందుకే రాస్తున్నా.

ముందు బంగారం సంగతి. చూపు గురించి సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న క్రియలు గుర్తు తెచ్చుకోండి: వీక్షించు, దర్శించు, అవలోకించు. అన్నింటి చివరా 'ఇంచు' ఉంది. కాంచనం నుంచే క్రియ పుట్టి ఉంటే కాంచనించు లాంటిదేదో రావాలి గానీ, 'నం' రాలిపోయి కాంచు ఎట్లా అవుతుంది? ఇది కను, కాను కుటుంబం మాట. తమిళం, కన్నడం, మలయాళంలో కూడా చూడడానికి 'కాణ్' అనే ధాతువు ఉంది, అంటే ఇది ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. ఇక ఆశగా చూడడం అంటారా, "శిల్పాలకు పేరుగాంచిన వేయిస్తంభాల గుడి" అని పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు? అక్కడ కాంచడం అంటే పొందడం. అందులో ఆశా లేదు, బంగారమూ లేదు.

కాంచీపురాన్ని కూడా ఇందులోకి లాగారు. సంస్కృతంలో కాంచి అంటే మొలనూలు, కాంచుతో దానికి పని లేదు.

కను అంటే ప్రసవమే అనేవాళ్లు మన బమ్మెర పోతన పద్యం ఒక్కటి చూసినా చాలు. "కనియెన్ రుక్మిణి" అని మొదలవుతుంది, రుక్మిణి కృష్ణుణ్ణి చూసిన ఘట్టం. మరి కన్ను, కనబడు, కనిపించు, కనుగొను, వీటన్నింటినీ కవులే కల్పించారా? కనుకు రెండర్థాలూ ఉన్నాయి, ఒకటి ఉంది కాబట్టి రెండోది దొంగదనడం ఏం లెక్క?

నాకు అన్నింటికంటే బాధ కలిగించింది చివరి మాట. మా దగ్గర ముసలోళ్లు "అద్దాలు లేకుంటే ఏం కానొస్తలేదు బిడ్డా" అంటారు, పొద్దుగూకినంక బండి నడిపేటోడు "తొవ్వ కానొస్తలేదు" అంటాడు. గ్రంథాల్లో 'కానవచ్చు' అని ఉండే మాటే ఇది, చదువు రాని నోట్లో కూడా ఇన్ని తరాలు బతికింది. కల గనుడు, కనిపెట్టుకొని ఉండుడు, పెద్దల్ని చూడబోతూ పట్టుకుపోయే కానుక, ఇవన్నీ ఆ ఇంటివే. ఆదిలాబాద్ కొలాం ఆదివాసుల భాషలో కూడా కంటిని 'కన్' అనే అంటారు. కాంచు అనే రూపం ఒక్కటి మాటల్లోంచి పోయి రాతలో మిగిలింది, అది నిజమే. కానీ దాని వేరు మాత్రం బతికే ఉంది, హన్మకొండ బస్టాండ్‌లో నిలబడితే చాలు, బోర్డు సరిగ్గా కానొస్తలేదని ఎవరో ఒకరు అననే అంటారు.