అద్దె పెంపు బేరంలో ఖాళీ నెల లెక్క

వచ్చే నెల నుంచి అద్దె పెంచుతున్నామని యజమాని కబురు పంపగానే చాలామంది అద్దెదారులకు రెండే దారులు కనిపిస్తాయి. అడిగినంత ఇవ్వడం, లేదంటే సామాను సర్దుకోవడం. మధ్యలో మాట్లాడుకోవడానికి చోటుందన్న ఆలోచనే రాదు. వచ్చినా బతిమాలుకోవడం దగ్గర ఆగిపోతుంది. ఈ ఏడాది ఖర్చులు పెరిగాయనీ, కాస్త చూసి తగ్గించమనీ అడుగుతారు. ఆ మాటకు యజమాని మనసు కరగవచ్చు, కరగకపోవచ్చు. ఇంటి మీద అప్పు, ఆస్తి పన్ను, మరమ్మతులు ఆయనకూ ఉన్నాయి. అద్దె మీదే బతికే వృద్ధ యజమానులూ ఉన్నారు. అందుకే బేరం ఇరువైపుల కష్టాల పోటీగా మారితే తేలేదేమీ ఉండదు. మనం వెళ్లిపోతే ఆయనకు ఎంత పోతుందో లెక్క కట్టి చెప్పగలిగితే మాత్రం సంభాషణ తీరు మారుతుంది.

నెల అద్దె 100 అనుకుందాం. యజమాని 110 అడిగారు. అదే వీధిలో అలాంటి ఇళ్లు 106కు దొరుకుతున్నాయి. మీరు ఖాళీ చేస్తే కొత్తవారు దిగేలోపు ఒక నెల గడిచిపోతుంది. రంగులు, చిల్లర మరమ్మతులు, ఏజెంటు కమీషను కలిపి మరో 50 ఖర్చు. కొత్తవారు 106కు దిగినా 11 నెలల్లో వచ్చేది 1166, ఖర్చు పోగా మిగిలేది 1116. మిమ్మల్ని పాత అద్దెకే ఉంచుకుంటే ఏడాదికి 1200 వస్తుంది. రెండో ఏడాది కూడా కలిపి చూడండి. కొత్తవారి నుంచి మొత్తం 2388, మీ నుంచి ఏమీ పెంచకుండానే 2400. మీరు 104కు ఒప్పుకుంటే 2496. ఖాళీ నెలలు రెండయితే తేడా ఇంకా పెరుగుతుంది. ఇల్లు మార్చిన అద్దెదారు స్థానంలో వచ్చే మనిషి వేళకు అద్దె కడతాడో లేదో, ఇంటిని ఎలా ఉంచుతాడో తెలియదన్న దిగులు ఈ లెక్కలోకి రానే లేదు.

ఇది ప్రతిసారీ అద్దెదారు పక్షానే తేలుతుందని అనుకోకూడదు. ఇంటికోసం జనం వరుసకట్టే చోట ఖాళీ నెల అన్నదే ఉండదు. చుట్టుపక్కల అద్దె 130కి చేరి ఉంటే, ఒక నెల ఖాళీగా ఉన్నా, 50 ఖర్చు పోయినా కొత్తవారితో యజమానికి మొదటి ఏడాదే 1380 మిగులుతుంది. అలాంటప్పుడు 110 అడిగిన యజమాని నిజానికి మనకు మేలు చేస్తున్నట్టే, ఆలస్యం చేయకుండా ఒప్పుకోవడం మంచిది. పైగా ఇల్లు మారడానికి మనకూ ఖర్చుంది. బండి కిరాయి, కొత్త అడ్వాన్సు, ఏజెంటు కమీషను, కొన్ని రోజులు రెండు ఇళ్లకూ కట్టాల్సిన అద్దె, పిల్లల బడి దూరం. 110 నుంచి 106కు దిగితే ఏడాదికి మిగిలేది 48 మాత్రమే. దానికోసం 150 ఖర్చుపెట్టి ఎవరూ ఇల్లు మారరని యజమానికీ తెలుసు. కాబట్టి ఖాళీ చేస్తామని ఉత్తుత్తి బెదిరింపు వద్దు. బంధం తెగితే ఇద్దరికీ నష్టమే. ఆ నష్టాన్ని తప్పించుకోవడం వల్ల మిగిలేదాన్ని ఇద్దరూ ఎలా పంచుకుంటారన్నదే అసలు బేరం.

ఆ బేరానికి ఆధారం చుట్టుపక్కల అద్దెలు. జర్మనీ చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. సాధారణంగా అక్కడ యజమాని పెంపు అడిగితే కారణం రాతలో చూపాలి. నగరం ప్రచురించే అద్దెల పట్టిక, లేదా అలాంటివే కనీసం మూడు ఇళ్ల అద్దెలు వంటి ఆధారం చూపాలి. చూపినా మూడేళ్లలో 20 శాతానికి మించి, ఇళ్ల కొరత ఉన్నట్టు ప్రకటించిన చోట 15 శాతానికి మించి పెంచడానికి వీల్లేదు. అలాంటి చట్టం లేని చోట ఆ మూడు ఇళ్ల పని అద్దెదారే చేయాలి. ప్రకటనల్లో కనిపించే అంకెలు యజమానులు ఆశించేవి. వాటికంటే ఇటీవల దిగినవారు నిజంగా కడుతున్న అద్దె నమ్మదగినది. అది తెలుసుకోవాలంటే పొరుగువారిని అడగాలి. మొహమాటపడితే ఇది జరగదు.

అడిగే తీరు ఇలా ఉండవచ్చు: "నమస్కారమండీ. అద్దె 110కి పెంచుతామన్నారు. మన వీధిలో ఇదే విస్తీర్ణం ఉన్న మూడు ఇళ్లలో ఇటీవల దిగినవారు 105, 106, 107 కడుతున్నారు. మేము ఇన్నాళ్లూ ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. 104 అయితే రెండేళ్లకు ఇప్పుడే ఒప్పందం రాసుకుంటాం. వంటగదిలో కారుతున్న పైపు కూడా ఈలోగా బాగుచేయిస్తే మంచిది. మీ అభిప్రాయం ఈ వారంలో తెలియజేయగలరు." ఇందులో కష్టాల ప్రస్తావన లేదు, కోపం లేదు. 104 అన్న అంకె, దాని వెనుక ఆధారం, దానికి బదులుగా మనం ఇచ్చేది అన్నీ ఉన్నాయి. రెండేళ్ల హామీ యజమానికి చాలా విలువైనది, దాన్ని ఊరికే ఇచ్చేయకూడదు. ఆయన 106 దగ్గర పట్టుబడితే కనీసం పైపు మరమ్మతు, గోడల రంగు, పెంపు అమల్లోకి వచ్చే తేదీ మీద మాట్లాడవచ్చు. మూడు నెలలు వాయిదా పడిన పెంపు ఆ ఏడాదికి పావువంతు తగ్గినట్టే. అద్దెతో పాటు అడ్వాన్సు కూడా పెంచాలంటారేమో ముందే అడిగి తేల్చుకోవాలి.

మధ్యలో ఏజెంటు ఉంటే జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. ప్రతి కొత్త అద్దెదారుకూ కమీషను అందే ఏజెంటుకు, మీరు వెళ్లిపోవడం నష్టం కాకపోవచ్చు. ఖాళీ నెల భారం పడేది యజమాని మీద. ఇద్దరి ప్రయోజనం ఒకటి కాదు. అందుకే "ఓనర్ ఒప్పుకోరండీ" అని ఏజెంటు వెంటనే అనేస్తే దాన్ని చివరి మాటగా తీసుకోకండి. మీ ప్రతిపాదన రాసిచ్చి, అది యజమానికి చేరవేసి ఆయన జవాబు రాతలోనే తెప్పించమని అడగండి. వీలైతే యజమానికే నేరుగా రాయండి.

రాత ఎందుకంటే, మౌనం అర్ధాంగీకారమని లోకం అంటుంది కానీ అద్దె విషయంలో అది పూర్తి అంగీకారమయ్యే ప్రమాదం ఉంది. భారత ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం, ఒప్పందంలో పెంపు గురించి రాసి లేకపోతే యజమాని మూడు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు అందుకుని ఇల్లు వదులుతామని చెప్పని అద్దెదారు పెంపును అంగీకరించినట్టే లెక్క. ఇది నమూనా చట్టమే కనుక రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకున్న చోటే వర్తిస్తుంది. ఇంగ్లండులో కొత్త చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ఏడాదికి ఒకసారే, రెండు నెలల నోటీసుతోనే పెంచాలి. ఎక్కువనిపిస్తే అద్దెదారు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. యజమాని అడిగినదానికంటే ఎక్కువ అద్దెను ట్రిబ్యునల్ నిర్ణయించలేదు, కాబట్టి వెళ్లినందుకు అద్దె ఇంకా పెరుగుతుందన్న భయం అక్కర్లేదు. మీరున్న చోట నియమం ఏదో నోటీసు అందిన రోజే చూసుకోవాలి, గడువు చివరి వారంలో కాదు.

వీటన్నిటికంటే ముఖ్యమైన బేరం ఇంట్లో దిగకముందే జరగాలి. ఒప్పందంలో "ఏటా 10 శాతం పెంపు" అన్న వాక్యాన్ని చదివి కూడా దాటేస్తాం. నడుస్తున్న అద్దె మీద ఏటా 10 శాతం అంటే 100 ఏడేళ్లకు 195 అవుతుంది. అదే 10 శాతాన్ని మొదటి అద్దె మీద మాత్రమే లెక్కకడితే 170. నడుస్తున్న అద్దె మీదే 5 శాతం అయితే 141 దాటదు. దిగేరోజు నెలకు రెండో మూడో తగ్గించమని గంటసేపు వాదించేవారు ఈ వాక్యం మీద ఒక్క ప్రశ్న కూడా వేయరు. ఇల్లు ఖాళీగా ఉండి యజమాని మనకోసం చూస్తున్న ఆ రోజున మన మాటకున్నంత బలం మళ్లీ ఎప్పుడూ ఉండదు. పెంపు ఎంత శాతం, దేని మీద, ఎన్నాళ్లకోసారి అన్నవి అప్పుడే రాయించుకోవాలి.

ఇందులో అద్దెదారు ఒంటరిగా చేయలేనిది ఒకటుంది. చాలామంది యజమానులకు, ఏజెంట్లకు ఆ వీధి అద్దెలు తెలుసు. అద్దెదారుకు తనది మాత్రమే తెలుసు. ఒకే భవనంలో పైఅంతస్తువారు ఎంత కడుతున్నారో కిందివారికి తెలియదు, చెప్పుకోవడం నామోషీ అనుకుంటారు. ఆ నామోషీ వల్ల లాభపడేది మనం కాదు. నగరపాలక సంస్థలు అద్దెల పట్టికలు ప్రచురించాలని అడగడం న్యాయమే, అడగాలి కూడా. అవి వచ్చేలోగా ఒక భవనంలోని అద్దెదారులు తమ అద్దె, అడ్వాన్సు, చివరి పెంపు తేదీ ఒక కాగితం మీద రాసుకుని అందరూ ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.