‘గిట్ల’ అంటే ‘గిట్ల’నే అచ్చేయాలి

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. నడుమ పదకొండు రోజులే. ఏటా ఆ పదకొండు రోజుల్లో గ్రంథాలయాల్లో, కళాశాలల హాళ్లలో, కలెక్టరేట్ల సమావేశ మందిరాల్లో కవి సమ్మేళనాలు వరసగా జరుగుతాయి. అందులో యాసలో హాస్య పద్యం చెప్పే కవికి ఒక ఖాయమైన చోటుంటుంది. భోజనాల వేళ దగ్గరపడి జనం కుర్చీల్లోంచి లేవడం మొదలుపెట్టగానే అతణ్ని పిలుస్తారు. అతను నాలుగు పద్యాలు చదివి లేచినవాళ్లను కూర్చోబెడతాడు. శాలువా కప్పించుకుని దిగిపోతాడు. వాకిట్లో బల్ల మీద అతని పుస్తకం ఉంటుంది. నవ్వినవాళ్లలో కొందరు కొంటారు, ఇంటికెళ్లి తెరుస్తారు, అక్కడ ఆ నవ్వు ఉండదు.

తప్పు కవిది అనుకోవడం పరిపాటి. ‘మైకు ముందు బాగుంటాడుగానీ రాతలో పస లేదు’ అనే తీర్పు సాహిత్య సభల్లో తరచూ వినబడేదే. ఈ తీర్పుతో మేం ఏకీభవించడం లేదు. పద్యం చాలాసార్లు కవి చేతిలో బాగానే ఉంటుంది. అది చచ్చేది అచ్చుకు అక్షరాలు కూర్చే డీటీపీ బల్ల దగ్గర, ప్రూఫు దిద్దేవారి కలం కింద. (యాస అనాలా, మాండలికం అనాలా, అసలు భాషే అనాలా అన్న తగువు తెగేది కాదు. అందరికీ తెలిసిన మాట కనుక ఇక్కడ యాస అంటున్నాం.)

ప్రూఫు దిద్దేవారు శ్రద్ధగలవారైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఉత్తరాంధ్ర కవి ‘ఏటి’ అని రాస్తే వారు ‘ఏమిటి’ అని సరిచేస్తారు. అర్థం మారలేదు కదా అనుకుంటారు. గురు లఘువులు వేసి చూడండి: ‘ఏటి’ ఒక గురువు, ఒక లఘువు. అది హగణం, సూర్యగణాల్లో ఒకటి. ‘ఏమిటి’ గురువు, రెండు లఘువులు. అది భగణం, ఇంద్రగణం. ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం అయిదు సూర్యగణాలతోనే నడుస్తాయి. అక్కడ భగణం చొరబడితే పాదం కుంటుతుంది. చదివేవాడికి గణాలు తెలియకపోయినా నడక తప్పిందని చెవికి తెలుస్తుంది. నడక తప్పిన హాస్యానికి నవ్వు రాదు.

తెలంగాణ మాటలతో ఇంకా తేటగా కనబడుతుంది. వివరణ కోసం మేమే కట్టిన ఒక పాదం చూడండి: ‘గిట్ల కదిలె బస్సు గట్ల నిలిచె’. అయిదూ సూర్యగణాలే. మొదటి గణం ‘గిట్ల’కూ నాలుగో గణం ‘గట్ల’కూ రెండో అక్షరం ‘ట్ల’తో ప్రాసయతి కుదిరింది. దాన్నే శిష్టంగా ‘ఇలా కదిలె బస్సు అలా నిలిచె’ అని దిద్దితే మొదటి గణమూ నాలుగో గణమూ లఘువు ముందు, గురువు వెనక అయిపోతాయి. అలాంటి సూర్యగణమే లేదు. ‘ట్ల’ ప్రాస కూడా పోయింది. దిద్దింది రెండు మాటలే, పాదం మొత్తం పడిపోయింది. అలాగే ‘వస్తుండు’ తగణం, చక్కటి ఇంద్రగణం. ‘వస్తున్నాడు’ చేశారంటే మధ్యలో మరో గురువు వచ్చి పడుతుంది.

వచన కవితకు గణాల బాధ లేదు కదా అనవచ్చు. దానికి వేరే బాధ ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, యాస ఎక్కువగా బతికేదీ ఆ క్రియ తోకలోనే: వచ్చిండు, ఎల్లిపోనాడు, వస్తా ఉండాడు. హాస్యం చెప్పేవాడు నవ్వును వాక్యం చివరిదాకా దాచిపెట్టి క్రియ మీద వదులుతాడు. అంటే నవ్వు, యాస రెండూ ఒకే అక్షరాల మీద కూర్చుంటాయి. ‘ఎల్లిపోనాడు’ను ‘వెళ్లిపోయాడు’గా మార్చినవారు సరిగ్గా నవ్వు ఉన్న చోటునే తుడిచేశారన్నమాట.

లిపి కూడా కొంత మొండికేస్తుంది. కోస్తా నోట ‘వచ్చాడు’లో పలికే అచ్చు ఆ కాదు, ఏ కాదు, రెంటికీ నడుమది. దానికి మన వర్ణమాలలో అక్షరం లేదు. ‘చలి’లోని చ, ‘చెట్టు’లోని చ వేరని చూపడానికి దంత్య చ, జ (ౘ, ౙ) ఉన్నాయి, యూనికోడులోనూ ఉన్నాయిగానీ చిన్న ప్రెస్సుల్లో ఇంకా నడిచే పేజ్‌మేకర్, అను ఫాంట్ల మధ్య వాటిని వెతికి పట్టే ఓపిక ఎవరికి? ఉన్న అక్షరాలతోనే సర్దుకోక తప్పదు. అందుకు మేం చూసిన పద్ధతుల్లో పనికొచ్చేది ఒకటే. పుస్తకం డీటీపీకి ఇచ్చే ముందు కవి ఒక కాగితం మీద తాను ఎక్కువగా వాడే ముప్పై నలభై రూపాలు రాసుకోవాలి. వస్తుండా, వస్తండా? జెర్రా, జరా? ఏదో ఒకటి తేల్చుకుని ఆ కాగితం నకలు ఆపరేటరుకు ఒకటి, ప్రూఫు చూసేవారికి ఒకటి ఇవ్వాలి. ఈ కాగితం లేని పుస్తకాల్లో ఒకే మాట పన్నెండో పేజీలో ఒకలా, నలభయ్యో పేజీలో ఇంకోలా ఉంటుంది. అది చూసి ‘వీళ్లకు రాయడం రాదు’ అనే నోళ్లు మనకు కొత్తేమీ కాదు.

కవుల వైపూ ఒక లోపం ఉంది, చెప్పకుండా దాటలేం. ప్రతి చ ను స చేసి, ప్రతి వత్తునూ ఊడగొట్టి ‘సదువు, సెప్పు, బాస’ అని గుప్పిస్తే యాస అయిపోతుందనుకునేవారు ఉన్నారు. ఆ ఉచ్చారణలు ఒక ప్రాంతానివి కావు, బడి దక్కని వారి నోట రాష్ట్రమంతా వినబడేవి. వాటిని చూపించి నవ్వించడమంటే మాట్లాడేవాడి పేదరికాన్ని చూపించి నవ్వించడమే. సినిమా ఏళ్ల తరబడి చేసింది ఇదే: దొంగకూ వంటవాడికీ ఒక జిల్లా మాట, కథానాయకుడికి మరో జిల్లా మాట. యాస కవిత్వం దానికి ఎదురు నిలవాల్సింది. తెలంగాణ పల్లెల్లో వేషం కట్టి నవ్వించే పిట్టలదొరను చూడండి. ఖాకీ తొడిగి, కట్టె తుపాకి భుజాన వేసుకుని ఆయన కోసే కోతల్లో నవ్వులపాలయ్యేది ఊరి భాష కాదు, దొరతనం. బుర్రకథలో హాస్యం చెప్పే వంతగాడు ఊరి మాటలోనే రాజునూ మంత్రినీ దులిపేస్తాడు. ఎవరి మీద నవ్వుతున్నామన్న ఎరుక ఆ కళలకు ఉంది.

వేదిక సంగతులు వేరు. అక్కడ పద్యాన్ని పాడుచేసేది తరచుగా ‘ఎకో’. మైకుసెట్టు వాళ్లు పాటలకని దాన్ని పెంచి ఉంచుతారు. పాటకు అది సొంపు, మాటకు చేటు. ‘గట్ల’లోని ట్ల, ‘బొక్కెన’లోని క్కె వెనకటి మాట మోతలో కొట్టుకుపోతాయి. కవి వేదికెక్కగానే అడగాల్సింది ఎకో తీసేయమని. రెండోది, నవ్వు వచ్చాక ఎంతసేపు ఆగాలన్నది. నవ్వు జోరు మీద ఉండగానే తర్వాతి పాదం ఎత్తుకుంటే అది ఎవరికీ వినబడదు. పూర్తిగా చల్లారేదాకా ఆగితే సభ మళ్లీ మొదటికొస్తుంది. నవ్వు సగానికి దిగుతున్నప్పుడు అందుకోవాలి. మూడోది, మాటకు అర్థం ముందే చెప్పేయడం. ‘మా ఉత్తరాంధ్రలో గుంట అంటే ఆడపిల్ల అండీ’ అని మొదలుపెట్టి పద్యం చదివితే మిగిలేది పాఠమే. కరీంనగర్ సభలో ‘గుంట’ను గొయ్యి అనుకునే ప్రమాదం ఉన్నమాట నిజమే. దానికి మందు పద్యంలోనే ఉండాలి: ఆ మాటకు ముందు పాదంలో జడో, పట్టు పావడో వస్తే చాలు, వినేవాడు తనంతట తానే పట్టుకుంటాడు. ‘అంగడి’ అంటే రాయలసీమలో దుకాణం, తెలంగాణలో సంత. ఈ తేడానే హాస్యానికి ముడిసరుకు చేసుకున్న కవి తెలివైనవాడు.

ఇక పుస్తకం. డెమీ ఒకటికి ఎనిమిది సైజులో 16 పేజీల ఫారాలు నాలుగు, అంటే 64 పేజీలు, 70 జీఎస్ఎం మ్యాప్‌లితో, 500 ప్రతులు: స్థానిక కవి పుస్తకం తరచూ ఈ లెక్కలోనే వస్తుంది. అందులో ముందుమాటలకూ అభినందనలకూ పదీ పన్నెండు పేజీలు పోతాయి, పదాలకు అర్థాలిచ్చే పట్టికకు చోటు మిగలదు. ఇది తిరగబడాలి. ఒక్క ముందుమాట, ఒక్క పేజీ చాలు. అర్థాలు పుస్తకం చివర కాదు, అదే పేజీ అడుగున ఉండాలి, చదివేవాడు పేజీ తిప్పేలోగా నవ్వు ఆరిపోతుంది. పద్యం మధ్యలో బ్రాకెట్లు పెట్టి అర్థం ఇరికించడం అన్నిటికన్నా అధ్వానం. పద్యం కింద అది ఏ మండలం మాటో ఒక ముక్క రాస్తే రేపటి పదకోశకారుడు దండం పెడతాడు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది ఇలా ఊరూరా మాటలు ఏరినందువల్లే. ఇంకో చిన్న సంగతి: 64 పేజీల పుస్తకం వెన్ను మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. దాని మీద పేరు పట్టదు. బీరువాలో నిలబెడితే అది కనబడదు. మరో రెండు ఫారాలు కలిసేదాకా ఆగగలిగితే ఆగడం మేలు.

గొంతు కూడా పుస్తకంతో పాటు పోవాలి. క్యూఆర్ కోడ్ వేస్తున్నవారు ఉన్నారు, సంతోషం. కానీ అది సొంత ఫేస్‌బుక్ పేజీకి దారితీస్తే ఖాతా మూతపడిన నాడు కోడ్ కూడా పోతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట పెట్టి ఆ చిరునామాకు కోడ్ చేయించాలి. గదిలో ఒంటరిగా చదివి రికార్డు చేయొద్దు. ఎదురుగా పదిమందైనా ఉండాలి, వాళ్ల నవ్వూ అందులో పడాలి, లేకపోతే ఎక్కడ ఆగాలో కవికే తెలియదు.

ప్రభుత్వాల వంతు పెద్ద ఖర్చు కాదు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. ఆ సొమ్ముతో నడిచే జిల్లా గ్రంథాలయ సంస్థ తన జిల్లా మాటలో వచ్చిన పుస్తకాన్ని శాఖకు ఒకటి చొప్పున తప్పనిసరిగా కొనాలి. ఎంపిక సంఘంలో ఆ జిల్లా మాట పుట్టుకతో తెలిసినవారు ఒకరైనా ఉండాలి, లేకపోతే ‘భాషాదోషాలు మెండు’ అన్న మాటతో దస్త్రం తిరిగొస్తుంది. ప్రచురించేవారూ తమ పని చేయాలి. పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లోగా ప్రతులు కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకీ, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మూడు గ్రంథాలయాలకూ పంపాలి. నాలుగు ప్రతులు, నాలుగు తపాలా ఖర్చులు. ఈ పని చేయక ఎన్ని పుస్తకాలు కవితో పాటే కనుమరుగయ్యాయో! ఆ నాలుగు చోట్లలో తెలుగు నేల లేదు. రెండు రాష్ట్రాలూ ఒక్కో గ్రంథాలయాన్ని ఎంచుకుని, స్థానికంగా అచ్చయిన ప్రతి పుస్తకానికీ అక్కడ ఒక ప్రతి, దాని రికార్డింగ్ ఒకటి ఉండేలా ఉత్తర్వులు ఇస్తే సరిపోతుంది.

పత్రికలు తక్కువ తిన్నదేమీ లేదు, మాతో సహా. ఈ పుస్తకాలు మా బల్ల మీదికి వస్తే ‘అందినవి’ శీర్షిక కింద పేరు, వెల వేసి సరిపెట్టాం. సాహిత్య పేజీకి వచ్చిన యాస పద్యాలను ‘మా శైలి’ పేరుతో దిద్దాం. ఈ వారం నుంచి ఆ పేజీలో యాస పద్యం కవి రాసిన రూపంలోనే, మండలం పేరుతో, అడుగున అర్థాలతో వస్తుంది. అనుమానమొస్తే డెస్కు దిద్దదు, కవికి ఫోన్ చేస్తుంది.