రంగంలో పోయినోళ్ళ పేర్లు ఏవి?

2024 ఏప్రిల్ 1న అమెరికాలో లూ కాంటర్ అనే పెద్దాయన 102 ఏళ్ళ వయసులో పోయారు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన దాడిలో మునిగిన అరిజోనా అనే అమెరికా యుద్ధ ఓడ నుంచి బతికి బయటపడ్డవాళ్ళలో ఆయనే ఆఖరు. కళ్ళారా చూసి చెప్పే మనిషి లేకపోయినా వాళ్ళకి పెద్ద దిగులుండదేమో, ఆ ఓడలో చనిపోయిన 1,177 మంది పేర్లూ అక్కడ పాలరాతి గోడ మీద చెక్కి ఉన్నాయి కదా.

ఆ దాడి జరిగిన 16 రోజులకి, 1941 డిసెంబర్ 23న, జపానోళ్ళు బర్మాలోని రంగూన్ మీద బాంబులేశారు. మనోళ్ళకి అది రంగం. సిక్కోలు, ఇజీనారం పల్లెల నుంచి ఓడెక్కి వెళ్ళినోళ్ళు అక్కడ రేవులో బస్తాలు మోసేవారు, రిక్షాలు లాగేవారు, బియ్యం మిల్లుల్లో చేసేవారు. 1931 నాటికే ఆ ఊళ్ళో సగం మందికి పైన భారతీయులే. ఆ పొద్దున విమానాలొస్తే, బాంబంటే ఏంటో తెలీని జనం దాక్కోవడం మానేసి వీధుల్లోకొచ్చి తలెత్తి చూస్తూ నిలబడ్డారు, అందుకే అంతమంది పోయారు. 1942 మార్చిలో రంగం జపాన్ చేతికి చిక్కింది, లక్షలమంది కొండలూ అడవులూ పట్టుకుని నడిచొచ్చారు, దారిలో కలరాకి, మలేరియాకి రాలిపోయినోళ్ళు వేరే.

వీళ్ళ పేర్లు ఎవరు రాశారు? మేస్త్రీ అడ్వాన్సిచ్చి తీసుకెళ్ళిన కూలీ పేరు మేస్త్రీ అప్పుల పుస్తకంలోనే ఉంటుంది, ఆ పుస్తకం ఏమైందో ఎవడికి కావాలి. సర్కారుని తిట్టడం తేలికే గానీ, నడిచొచ్చిన ముసలోళ్ళు 1980ల్లో కూడా మన అరుగుల మీదే చుట్ట కాలుస్తూ కూర్చున్నారు, ఇంట్లో టేప్ రికార్డరుండి కూడా మనం దాన్లో సినిమా పాటలే ఎక్కించుకున్నాం.

ఇప్పటికైనా ఊరూరా బడి పిల్లల చేత "మీ ఇంట్లో రంగం వెళ్ళిందెవరు" అని అడిగించి రాయిస్తే కొన్నైనా దొరుకుతాయి. కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర ఒక రాయి వెయ్యండి, విగ్రహాలొద్దు, పేర్లు చాలు.

మా అటక మీద ఒక రేకు పెట్టె ఉంది, మామ్మ దాన్ని రంగం పెట్టె అనేది. వాళ్ళ బావగారు ఊరోళ్ళ చేత పంపించారట, పెట్టె వచ్చింది గానీ మనిషి రాలేదు. బావగారి పేరు ఆడాళ్ళు పలకకూడదు కాబట్టి మామ్మ ఎప్పుడూ పలకలేదు, మా నాన్నకేమో ఆయన రంగం పెదనాన్న, అంతే. పోయిన తిథి తెలీదు గనక మహాలయ అమావాస్యకే తద్దినం. తాత ఉన్నన్నాళ్ళూ ఆయనే పెట్టారు. ఆయన పోయిన ఏడు నాన్న పీటల మీద కూర్చుంటే పంతులుగారు గోత్రం అడిగారు, చెప్పాం. పేరు అడిగారు, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.